మడతల మేడమ్, నాలుగో శనివారం

మా మరదలి చేతిలో పడ్డ గౌను నాలుగు సెకన్లలో మడతవుతుంది. ఒకసారి గడియారం పెట్టుకుని చూశాను. చేతులు వెనక్కి, పక్కలు లోపలికి, సగానికి ఒక మడత, మళ్లీ సగానికి ఇంకొకటి. చివర్న అరచేత్తో ఒక్కసారి నిమురుతుంది. ఆ నిమరడంతో కలిపే నాలుగు సెకన్లు.

పిల్లల బట్టల దుకాణంలో ఇరవై రెండేళ్లు మడతల బల్ల దగ్గర నిలబడి నేర్చుకున్న విద్య అది. వచ్చినవాళ్లు పది విప్పించి ఒకటి కొంటారు. మిగిలిన తొమ్మిదీ మళ్లీ మడవాలి. దుకాణం మూతబడిన నెలలో, అక్కడికి ఎప్పుడూ వచ్చే ముగ్గురు పిల్లల తల్లి ఒకామె ఫోన్ చేసి, "మా పిల్లల అలమార తలుపు తీస్తే బట్టలు మీద పడుతున్నాయండీ, ఒక్కసారి వచ్చి దాని సంగతి చూద్దురూ" అని బతిమాలింది. మా మరదలు వెళ్లి చూసింది. అక్కణ్ణుంచి పక్కింటికి, ఆ పక్కింటివాళ్ల తోడికోడలింటికి. పదకొండేళ్లుగా ఇదే పని. పిల్లల పడకగదుల్లో అలమారలు సర్దడం. ఇళ్లవాళ్లు "మడతల మేడమ్" అంటారు. పని పిల్లలతోనే అయినా ఆమె గొంతు పెంచగా ఎవరూ వినలేదు.

నేను ఆమె భర్తకు అక్కను. తమ్ముడు పోయాక ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆమె సర్దుతుంది, నేను చదువుకుంటాను. ఎవరి పిచ్చి వాళ్లకానందం.

ఆమె పనికో పద్ధతి ఉంది. ముందు అలమారలో ఉన్నదంతా మంచం మీదికి దించుతుంది. మూడు కుప్పలు పోస్తుంది: ఇప్పుడు సరిపోయేవి, రేపు సరిపోయేవి, ఇక సరిపోనివి. తర్వాత ఆ అలమార ఎవరిదో ఆ పిల్లనో పిల్లాణ్నో పిలిచి, తలుపు ముందు నిలబెట్టి, చెయ్యెత్తమంటుంది. వేలి చివర అందినచోట పెన్సిలుతో చిన్న గీత గీస్తుంది. రోజూ వేసుకునేవన్నీ ఆ గీతకు కిందే ఉండాలి. గీతకు పైన ఉండేదంతా పెద్దవాళ్లది. "కళ్లు మూసుకుని చెయ్యి పెడితే బనీను దొరకాలి. అలమార కంటికి కాదు, చేతికి తెలియాలి" అంటుంది. ఆరు నెలలకోసారి వెళ్లి గీత జరిపి వస్తుంది.

ఇంకో నియమం కూడా ఉంది. పిల్లలు దాచుకున్నది కదపకూడదు. ఏ అలమారైనా దించితే మేజోడులోంచో కోటు జేబులోంచో ఏదో ఒకటి బయటపడుతుంది. మింగకుండా ఉమ్మేసిన మాత్ర, తక్కువ మార్కులొచ్చిన కాగితం, పక్కింటివాళ్ల బొమ్మ తల. ఆమె దాన్ని చూసి, ఎక్కణ్ణుంచి తీసిందో గుర్తుపెట్టుకుని, అంతా సర్దాక మళ్లీ అక్కడే పెట్టేస్తుంది. తల్లులకు చెప్పదు. "దాచిన వస్తువు లేని అలమార నేనింతవరకూ చూళ్లేదు వదినా" అని ఎన్నిసార్లో అంది.

ఆ మాట మేం గుర్తుంచుకోవాల్సింది.

ఆమెకు ఒక్కడే కొడుకు. లిఫ్టులు బాగుచేస్తాడు. మనుషుల్ని పైకీ కిందికీ చేర్చే పని. వాళ్లతో మాట్లాడక్కర్లేదు, వాడికి సరిగ్గా సరిపోయింది. కోడలు పళ్ల డాక్టరు దగ్గర, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని కూర్చోబెట్టే ఉద్యోగం చేస్తుంది. చురుకైన పిల్ల, నోరున్న పిల్ల. వాళ్లకో ఆరేళ్ల కూతురు. చేతికి దొరికిందల్లా ఏదో కన్నంలో దాస్తుందని దాన్నందరం ఎలకపిల్ల అంటాం. నన్నది కళ్లజోడు నానమ్మ అంటుంది, మా మరదలేమో ఉత్త నానమ్మ.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు కదా. మా ఇంట్లో అత్తా ఉంది, కోడలూ ఉంది, ఇద్దరూ మంచివాళ్లే. మా మరదలు ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా మంచినీళ్లు తాగి, అలమార తలుపు తీసేది. ఒక్క మాట అనేది కాదు. మడతపెట్టేది. దెబ్బలాడినా బాగుండేదేమో. ఒకసారి కోడలే నా ముందు అనేసింది: "అత్తయ్యా, మీ అబ్బాయేమో నోరు తెరవడు, మీరేమో అలమార మూయరు. మధ్యలో నేనెక్కడ నిలబడాలి?" మా మరదలు నవ్వి, చేతిలో ఉన్న చొక్కా పూర్తిగా మడిచి పెట్టి, అప్పుడు తలుపు మూసింది.

కొడుకూ కోడలూ ఎందుకు విడిపోయారో చెప్పడానికి పెద్ద కారణమేదీ లేదు. ఏడేళ్ల కాపురంలో మాటలు తగ్గాయి, తర్వాత భోజనాలు విడివిడిగా అయ్యాయి, తర్వాత వాడు రెండు వీధుల అవతల గది చూసుకున్నాడు. వాడొచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు మా మరదలు మేజోళ్లు జతలు కలుపుతోంది. "ఓహో" అంది. తర్వాత ఇంకో ఆరు జతలు కలిపింది.

ఏడవలేదు. కోప్పడలేదు. పనికి వెళ్లొచ్చేది, తినేది, పడుకునేది. నెల తర్వాత ఓ సాయంత్రం తనే అంది:

"నాకేమీ అనిపించట్లేదు వదినా. పన్ను పీకే ముందు మత్తు సూదేస్తారు చూడు, పెదవి ఉందో లేదో తెలియదు. అలా ఉంది."

"కొరుక్కోకు మరి" అన్నాను.

ఎలకపిల్ల తల్లి దగ్గరే ఉంది. కుటుంబ తగాదాలు తీర్చే ఆఫీసులో ఒకావిడ ఇద్దర్నీ కూర్చోబెట్టి ఓ మాట తేల్చింది. మొదటి నెల నాలుగు శనివారాలు, పిల్ల సాయంత్రం తండ్రి దగ్గరికి వస్తుంది. రాత్రికి ఉండలేక ఏడిస్తే ఏడింటికల్లా తల్లి దగ్గర దించెయ్యాలి. నాలుగింటిలో ఒక్క రాత్రయినా ఉంటే ఇలాగే కొనసాగుతుంది. ఒక్కటీ లేకపోతే, ఎనిమిదేళ్లొచ్చేదాకా ఆదివారం పగలు రెండు గంటలే, అదీ తల్లి ఇంట్లోనే.

మూడు శనివారాలు అయిపోయాయి. మూడుసార్లూ ఆరున్నరకల్లా వాడు పిల్లను భుజాన వేసుకుని ఆ రెండు వీధులూ దాటించాడు. మూడోసారి దించేసి మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి అన్నాడు:

"వదిలెయ్యమ్మా. దానికి నా దగ్గర ఉండాలని లేదు. నేనూ అడగను ఇక."

"బట్టలెక్కడ పెడుతున్నావురా దానివి?"

"అట్టపెట్టెలో."

"ఆరేళ్ల పిల్ల బట్టలు అట్టపెట్టెలోనా! వస్తే ఉండడానికి వచ్చిందనుకోవాలా, పార్సిల్లో వచ్చిందనుకోవాలా?"

పదకొండేళ్లలో ఆమె గొంతులో ఆ మాత్రం కారం నేను వినడం అదే.

ఆమె ఆలోచన నాకు సబబుగానే తోచింది. తల్లి ఇంట్లో అలమార ఎలా ఉందో వాడి గదిలోనూ అచ్చం అలాగే పెట్టాలి. అవే బట్టలు, అవే రంగులు, అదే వరస, అదే ఎత్తు. పిల్ల కళ్లు మూసుకుని చెయ్యి పెడితే, ఆ చేతికి తను వేరే ఇంట్లో ఉన్నట్టు తెలియకూడదు. చేతికి తెలియకపోతే మనసుకూ తెలియదని ఆమె లెక్క. కానీ అందుకు ముందు ఆ అలమార చూడాలి. కోడల్ని అడగాలి. సోమవారం నా చేత ఫోన్ చేయించింది.

"రమ్మనండి పెద్దత్తయ్యా. బుధవారం రమ్మనండి" అంది కోడలు. కాస్త ఆగి, "మంగళవారం మాత్రం వద్దు" అంది.

బుధవారం ఇద్దరం వెళ్లాం. కోడలు తలుపు తీసి పక్కకు జరిగింది. ఇల్లు తుడిచిన నీళ్ల వాసన ఇంకా పోలేదు. పిల్ల బడిలో ఉంది. మా మరదలు సంచీలోంచి టేపూ, పుస్తకం, పెన్సిలూ తీసుకుని పిల్ల గదిలోకి వెళ్లింది. టేపు రెండో కొస పట్టుకోవడానికి నేనూ వెళ్లాను.

అలమార తలుపు తీసింది. నేను కూడా చూశాను. గౌన్లు పొట్టివి ఎడమన, పొడుగువి కుడిన. కింది అరలో బనీన్లు మూడు వరసలు. మేజోళ్లు ఉండలు చుట్టి సొరుగులో. చేప బొమ్మున్న నీలం చొక్కా, అది పిల్ల రాత్రిళ్లు వేసుకునేది, మధ్య అరలో అన్నిటికన్నా పైన. అంచు ఒక్కటీ పక్కకు పోలేదు.

మా మరదలు చాలాసేపు చూసింది. కడ్డీ ఎత్తు కొలిచింది, అరల మధ్య ఎడం కొలిచింది, హ్యాంగర్లు లెక్కపెట్టింది, పుస్తకంలో బొమ్మ గీసుకుంది. మేజోళ్లు విప్పి చూసి మళ్లీ చుట్టింది. కోట్ల జేబుల్లో చెయ్యి పెట్టి చూసింది, అలవాటు కొద్దీ. ఏమీ దొరకలేదు.

కోడలు గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"బాగుందమ్మా" అంది మా మరదలు, వెనక్కి తిరక్కుండానే. "చాలా బాగా పెట్టావు."

కోడలు ఏదో చెప్పబోయింది. నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, "కాఫీ పెడతాను" అని లోపలికి వెళ్లిపోయింది. దాని చెవులు ఎర్రబడ్డాయి. సంతోషమేమో అనుకున్నాను.

గురువారం, శుక్రవారం మా మరదలు వేరే ఇళ్లకు పోలేదు. వాడి గదిలో గోడకు ఉన్న అలమార తలుపులు బిగించింది. కడ్డీ విప్పించి సరిగ్గా ఆ ఎత్తుకే మళ్లీ కొట్టించింది. ఏడు గౌన్లు, పన్నెండు బనీన్లు, అవే రంగుల్లో వెతికి తెచ్చింది. చేప చొక్కా కోసం నాలుగు దుకాణాలు తిరిగింది. కొత్త బట్టకు గంజి వాసన ఉంటుంది, పిల్లలు ముక్కుతో పట్టేస్తారని అన్నీ మూడేసిసార్లు ఉతికింది. చేప చొక్కాను ఐదుసార్లు. చేపకు ఒక కన్ను కాస్త వెలిసింది. "అదీ అంతేగా వెలిసింది" అంది తృప్తిగా. అది తృప్తో కాదో. గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

శనివారం నాలుగింటికి వాడు పిల్లను తీసుకొచ్చాడు. మా మరదలు అలమార ముందు నిలబడింది. నేను కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాను. ఒక్క అక్షరం చదవలేదు.

"ఎలకపిల్లా, ఇది నీదే. తీసి చూడు" అంది మా మరదలు.

పిల్ల తలుపు తీసింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఇదేం కొట్టు నానమ్మా?"

"కొట్టు కాదమ్మా, నీ అలమార. ఇంట్లో ఉన్నట్టే ఉంది చూడు."

"లేదు" అంది పిల్ల. ఎదురు చెప్పినట్టు కాదు, తెలియనివాళ్లకు తెలియజెప్పినట్టు. "ముట్టుకోవచ్చా?"

"నీవేనే అన్నీ!"

అయినా ముట్టుకోలేదు. మంచం దగ్గరికి వెళ్లి దిండు గలీబులో చెయ్యి పెట్టి వెతికింది. తలుపు వెనక చూసింది. బూట్లు దులిపి చూసింది. ఇంకెక్కడా చూసే చోటు లేక గది మధ్యలో నిలబడింది. ఐదున్నరకు కింది పెదవి ముందుకొచ్చింది. ఆరింటికి, "నాన్నా, ఇంటికి పోదాం" అంది. వాడు మేకుకున్న తాళంచెవి తీశాడు. చెప్పులు వేసుకోవడానికి వంగాడు.

మా మరదలు అలమార వైపు చూస్తూ నిలబడి ఉంది. అప్పుడు అంది, నాతోనే, చాలా నెమ్మదిగా:

"జేబుల్లో ఏమీ లేదు వదినా."

"ఏ జేబుల్లో?"

"అక్కడ. బుధవారం. ఎలకపిల్ల అలమారలో దాచింది ఒక్కటీ లేదు. నేను చూశాను. చూసి కూడా..." నా వైపు చెయ్యి చాపింది. "నీ ఫోనిలా ఇవ్వు."

కోడలికి తనే చేసింది. వాళ్లు విడిపోయాక తనంతట తను చెయ్యడం అదే మొదలు. అందరికీ వినబడేలా పెట్టి బల్ల మీద ఉంచింది, చేతులు ఖాళీగా ఉండాలి కాబోలు.

"అమ్మాయ్, నేను. పిల్ల బాగానే ఉంది. ఒక్కటే అడుగుతాను. ఆ అలమార రోజూ అలాగే ఉంటుందా?"

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది.

"లేదత్తయ్యా" అంది కోడలు. "మీరొస్తున్నారని సర్దాను. మంగళవారం సెలవు పెట్టి మరీ సర్దాను. ఒక బుట్టెడు చెత్త తీశాను."

"అప్పుడే చెప్పకపోయావా తల్లీ!"

"చెబుదామనే అనుకున్నా. ఏడేళ్లలో మొదటిసారి బాగుందన్నారు. ఇక నోరు రాలేదు."

వాడు ఒక చెప్పు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నేను గోడ గడియారం చూశాను. ఆరూ పది.

"సరే" అంది మా మరదలు. "ఇప్పుడు చెప్పు. రోజూ ఎలా ఉంటుందో చెప్పు. చేప చొక్కా ఎక్కడ?"

"దిండు గలీబులో."

"చేప అక్కడే పడుకుంటుంది" అంది పిల్ల, ముక్కు ఎగబీలుస్తూ.

మా మరదలు అరలోంచి చొక్కా తీసి దిండు గలీబులో పెట్టబోయింది. పిల్ల వచ్చి చూసి, "అలా కాదు నానమ్మా, పడుకోబెట్టకూడదు, కుక్కాలి" అంది.

"ఎలా?"

"ఇలా." చొక్కా లాక్కుని ఉండ చేసి గుద్దింది.

"బనీన్లు?" అంది మా మరదలు ఫోన్ వైపు వంగి.

"కింది అరలో ఒక గుట్ట. గుట్టంటే గుట్టే అత్తయ్యా, వరసలు కాదు. ఉతికినవి పైన పడేస్తాను, అది అడుగునుంచి లాక్కుంటుంది. మేజోళ్లు సొరుగులో..."

"కాదమ్మా!" అని అరిచింది పిల్ల. "బూట్లలో! ఎరుపువి బూట్లలో. మిగతావి గుర్రం సంచీలో."

"అవునవును, బూట్లలో. మర్చిపోయాను."

"పొడుగు గౌను?" 

"దానికి హ్యాంగరు లేదు. తలుపు పిడికి వేలాడుతుంది. అడుగునేమో పెన్సిలు చెక్కిన పొట్టు, ఒక డబ్బా. ఆ డబ్బా మాత్రం పారెయ్యలేదు అత్తయ్యా, దాచి ఉంచాను. రేపు తెస్తాను."

మా మరదలు బనీన్ల వరసను రెండు చేతులా ఎత్తి అరలో గుట్టగా పడేసింది. పడేసిందని ఆమె అనుకుంది. అవి నాలుగేసి చొప్పున అంచులు కలిసి పడ్డాయి. మళ్లీ ఎత్తి పడేసింది. మళ్లీ అంతే. చేతులు మాట వినలేదు. నలపమంటే ఆ వేళ్లు బనీన్ల చివర్లు వెతుక్కుని కలుపుతున్నాయి. పిల్ల అది చూసి కిసుక్కుమంది.

"నానమ్మకి రాదు!"

"రాదే. నువ్వు చేసిపెట్టు."

ఇక పిల్ల ఇల్లు పీకి పందిరి వేసింది. గుర్రం సంచీ లేకపోతే నా పుస్తకాల సంచీ ఖాళీ చేయించి మేజోళ్లు అందులో పోసింది. ఫోన్లోంచి తల్లి, "ఆ పచ్చది నీకు సరిపోదే, దాన్ని వెనక్కి తొయ్యి" అనడం, ఇది "తోశాను" అనడం. వాడు రెండో చెప్పు కింద పెట్టి వచ్చి కూతురికి బట్టలందిస్తున్నాడు. ఒక్క మాట లేదు, కానీ అందిస్తున్నాడు. ఆరూ యాభైకి పిల్ల అలమార అడుగున గౌన్ల కింద కూర్చుని, "ఆకలేస్తోంది" అంది.

"సరే, పెట్టేస్తానత్తయ్యా" అంది కోడలు.

"ఉంటాను" అంది మా మరదలు.

ఇద్దరూ పెట్టెయ్యలేదు. రెండు మూడు క్షణాల తర్వాత కోడలే పెట్టేసింది. వాడు తాళంచెవి తీసి మేకుకు తగిలించి, రొట్టె కాల్చడానికి వెళ్లాడు. ఏడు దాటింది.

ఆ రాత్రి అందరం అక్కడే పడుకున్నాం. మర్నాడు తొమ్మిదింటికి కోడలు వచ్చింది. చేతిలో ఓ రేకు డబ్బా. కదిపితే లోపల రాళ్లో గుండీలో చప్పుడు చేస్తున్నాయి. పిల్ల దాన్ని లాక్కుని అలమారలోకి దూరింది. వాడు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. కోడలు తాగింది. వాళ్లిద్దరి మధ్య కొత్తగా జరిగిందేమీ లేదు, నేను చూశాను కదా. విడిపోయే కాయితాలు ఆ ఆఫీసులో ఉన్నచోటే ఉన్నాయి.

కోడలు అలమార దగ్గరికి వెళ్లి చూసింది. తలుపు సరిగ్గా పడలేదు. సందులోంచి నీలం చొక్కా చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది. దాన్ని లోపలికి తొయ్యబోయింది.

"ఉండనివ్వమ్మా" అంది మా మరదలు.

కోడలు చెయ్యి తీసేసింది. తర్వాత, "మీకు ఎలా ఉంది అత్తయ్యా ఇది చూస్తుంటే?" అంది, సగం వేళాకోళంగా.

"ఘోరంగా ఉంది."

కోడలు నవ్వింది. పిల్లను తీసుకుని వెళ్లింది. వచ్చే శనివారం నాలుగింటికే కదా అని మెట్ల దగ్గర అడిగింది, వాడు అవునన్నాడు.

మేం బస్సులో ఇంటికొచ్చాం. మా మరదలు కిటికీ పక్కన కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. నేనే అడిగాను.

"ఇప్పుడైనా ఏమైనా అనిపిస్తోందా?"

ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు.

"లేదు వదినా" అంది. వేళ్లు ముడిచి, విప్పి చూసుకుంది. "చేతులు మాత్రం చిమచిమలాడుతున్నాయి."